ఆరేళ్లు, పదకొండు డైవింగ్ ట్రిప్పులు: ఇప్పుడు నేను ముందు అడిగేది తాడు గురించే

పగడపు దిబ్బల దగ్గర ఒక్కరోజు డైవింగ్ అంటే ఎలా ఉంటుందో చాలామంది రాశారు. సిలిండర్ ఎలా కడతారో, సైగలు ఎలా నేర్పుతారో, తాబేలు కనిపిస్తే ఎంత సంబరంగా ఉంటుందో అన్నీ చదివే ఉంటారు. నేను వాటి జోలికి పోను. ఆరేళ్లలో పదకొండుసార్లు వెళ్లాను. సర్టిఫికెట్ కోర్సు ఇప్పటికీ చేయలేదు కాబట్టి ప్రతిసారీ కొత్తవాళ్ల గుంపులోనే దిగాను. బాగా జరిగిన ట్రిప్పులు ఎందుకు బాగా జరిగాయి, పాడైన ఆ ఒక్కటీ ఎందుకు పాడైంది అని ఆలోచిస్తే నాకు దొరికిన జవాబు చెప్తే నవ్వుతారు. తాడు.

అవును, మామూలు తాడే. పైన గుర్తుగా తేలే డబ్బాకు, అంటే బోయకు కట్టి ఉంటుంది, కింద కాంక్రీటు దిమ్మకో బరువుకో కట్టి ఉంటుంది. దాన్ని పట్టుకుని చెయ్యి మార్చుకుంటూ నిదానంగా దిగుతాం. ప్రకటనల్లో దీని ఫొటో ఎవరూ పెట్టరు. నీళ్ల లోపల కెమెరా ఉందా, వీడియో ఇస్తారా, ఎంతసేపు ఉంచుతారు అని అందరూ అడుగుతారు. నేనూ మొదట్లో అవే అడిగాను.

మొదటి ట్రిప్పులో తాడు ఉండటం నా అదృష్టం. అప్పుడు దాని విలువ తెలియలేదు, అది మాత్రం నిజం. బోటు దిగి తాడు పట్టుకున్నాను. ఇన్‌స్ట్రక్టర్ నాకు ఎదురుగా, ముఖంలో ముఖం పెట్టి ఉన్నాడు. ఒక చెయ్యి కిందికి జరిపాను, ముక్కు మూసి మెల్లగా ఊదాను, చెవిలో టప్‌మని తెరుచుకుంది. ఇంకో చెయ్యి, మళ్లీ ముక్కు. రెండు మీటర్ల దగ్గర ఎడమ చెవి మొరాయించింది. ఒక జానెడు పైకి జరిగాను, మింగాను, తెరుచుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు, ఎందుకంటే తొందరపెట్టడానికి వీలే లేదు. నా వేగం నా చేతిలో ఉంది. మాటవరసకు కాదు, నిజంగానే చేతిలో ఉంది.

చెవుల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. నీటి మట్టం దగ్గర ఉండే ఒత్తిడి పది మీటర్ల లోతుకు వెళ్లేసరికి రెట్టింపు అవుతుంది. అంటే ఆ పది మీటర్లలోనే గాలి సగానికి నొక్కుకుపోతుంది. ఆ తర్వాత ఇరవై, ముప్ఫై మీటర్లకు దిగేవాళ్లకు కూడా ఒత్తిడి పెరుగుతుంది కానీ ఇంత నిష్పత్తిలో కాదు. కొత్తవాళ్లను ఎలాగూ పన్నెండు మీటర్లు దాటనివ్వరు. నా ట్రిప్పుల్లో ఎక్కువభాగం ఐదు నుంచి ఎనిమిది మీటర్ల మధ్యే. 'లోతు తక్కువ, భయం లేదు' అని మనకు చెప్తారే, సరిగ్గా ఆ లోతులోనే చెవులకు అసలు పరీక్ష. కర్ణభేరి వెనక ఉన్న గాలికి, గొంతు వెనక నుంచి ఒక సన్నని గొట్టం దారి. నొప్పి రాకముందే ఆ దారి తెరవాలి. నొప్పి మొదలయ్యాక గట్టిగా ఊదితే అది తెరుచుకోదు, ఇంకా బిగుసుకుంటుంది. కాస్త పైకి వెళ్లి మళ్లీ ప్రయత్నించాలి, అంతే మార్గం. తాడు ఉంటే ఆ 'కాస్త పైకి' అన్నది ఒక జానెడు పని. లేకపోతే అదో పెద్ద వ్యవహారం.

రెండో ట్రిప్పులోనో మూడో ట్రిప్పులోనో తాడు నాకు ఇంకో బహుమతి ఇచ్చింది. ఆ రోజు చెవి మరీ బద్ధకించింది. మూడు మీటర్ల దగ్గర నాలుగైదు నిమిషాలు వేలాడుతూ ఉండిపోయాను. మిగతావాళ్లు కింద చేపల వెంట తిరుగుతున్నారు, నాకు ఉక్రోషం. కాసేపటికి చుట్టూ వినపడటం మొదలైంది. నూనెలో ఏదో వేగుతున్నట్టు చిటపట. అవి రొయ్య జాతి జీవులట, పంజా టక్కున మూసి చేసే చప్పుడు. మధ్యలో ఎవరో పటికబెల్లం కొరుకుతున్నట్టు కరకర. చిలక చేప పగడాన్ని గీరి తింటోంది. అది కొరికిన రాయే చివరికి దాని వెనక నుంచి ఇసుకగా రాలుతుంది. ఆ ఇసుక మేఘం చెదిరిపోవడం కూడా అక్కడి నుంచే చూశాను. నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది కాబట్టి ఎటు నుంచి వస్తోందో చెవికి పోల్చుకోవడం కష్టం, తల లోపలే మోగుతున్నట్టు ఉంటుంది. ఈదుతూ ఉంటే నా ఊపిరి బుడగల గోలలో ఇదంతా పట్టించుకునేవాణ్ని కాదు. ఊపిరి నెమ్మదించింది కూడా ఆ వేలాడటంలోనే. మొదటి ట్రిప్పులో ఇరవై అయిదు నిమిషాలకే సిలిండర్‌లో గాలి ఒత్తిడి యాభై బార్‌కు, అంటే ఇక పైకి రావాల్సిన గుర్తుకు పడిపోయింది. తర్వాత్తర్వాత అదే సైజు సిలిండర్ నలభై నిమిషాలు దాటి వచ్చింది. తేడా అంతా కంగారు తగ్గడమే.

ఇక పాడైన ట్రిప్పు. అది ఆరోది. నిర్వాహకుల పేరు చెప్పను, ఎందుకు చెప్పనో చివర్లో మీకే అర్థమవుతుంది.

ఆ రోజు మా తమ్ముడు కూడా వచ్చాడు. బోటు బోయకు కట్టకుండా ప్రవాహంతో పాటు మెల్లగా కదులుతోంది. తాడు లేదు. 'మేం పట్టుకుంటాం, మీరు ఊపిరి పీల్చుకుంటూ ఉండండి చాలు' అన్నారు. నిజానికి ఆ మాట వినగానే హాయిగా అనిపించింది, ఏ పనీ లేదు కదా అని. ఒక గైడుకు ఇద్దరం: నేను, ఇంకో ఆయన. గైడు వెనక నుంచి మా సిలిండర్లు చెరో చేత్తో పట్టుకున్నాడు. తేలడానికి, మునగడానికి వేసుకునే జాకెట్‌లో గాలి తీసేది ఆయనే, నింపేది ఆయనే. సంచీ దించినట్టు దించాడు.

రెండు మీటర్ల దగ్గర ఎడమ చెవి పట్టేసింది. నేర్పిన సైగే చేశాను: అరచెయ్యి అటూ ఇటూ ఊపి, చెవి చూపించాను. గైడు వెనక ఉన్నాడు, ఆయనకు నా చెయ్యి సగమే కనపడి ఉంటుంది. పైగా పక్కాయన మాస్కులోకి నీళ్లు వచ్చి ఆయన తంటాలు ఆయనవి. గైడు ముందుకు వంగి నా ముక్కు చూపించాడు, అంటే మూసి ఊదమని. ఊదాను. తెరుచుకోలేదు. ఈలోగా మేం ఇంకా దిగుతూనే ఉన్నాం. సూది గుచ్చినట్టు ఉంది. అప్పుడు నేను చేయకూడని పని చేశాను, బలమంతా పెట్టి ఊదాను. చెవిలో కీచుమని ఏదో శబ్దం, వెంటనే ప్రపంచం గిర్రున తిరిగింది.

ఈ తిరగడం గురించి ఎవరూ ముందు చెప్పలేదు. ఒక చెవిలో ఒత్తిడి ఒకలా, ఇంకో చెవిలో ఇంకోలా ఉంటే తల తిరుగుతుందట. బోటు మీద తల తిరిగితే గట్టు వైపు చూస్తాం. అక్కడ చూడ్డానికి ఏముంది? పైనా నీలమే, కిందా నీలమే, చుట్టూ నీలమే. బుడగలు ఎటు పోతున్నాయో చూడాలని ఇప్పుడు తెలుసు, అప్పుడు తట్టలేదు. కళ్ల ముందు ఒక నిలువు గీత ఉంటే చాలు, ఏది పైనో ఏది కిందో తెలిసేది. ఆ గీత పేరే తాడు.

బొటనవేలు పైకి ఎత్తాను. నీళ్లలో దాని అర్థం 'సూపర్' అని కాదు, 'పైకి పోదాం' అని. (ఇంకో ట్రిప్పులో ఒకాయన చేపను చూసి మురిసిపోయి బొటనవేలు ఎత్తితే గైడు ఆయన్ని బుద్ధిగా పైకి తీసుకెళ్లిపోయాడు. పాపం, బోటెక్కాక గొడవ.) ఈసారి గైడు వెంటనే చూశాడు. మెల్లగానే తీసుకొచ్చాడు, అక్కడ తప్పు పట్టను. పైకి వచ్చి మాస్కు తీస్తే మా తమ్ముడి ముఖం పాలిపోయింది. "అన్నయ్యా, ముక్కులోంచి రక్తం" అన్నాడు. బోటులో ఒకతను చూసి "కొత్తవాళ్లకు మామూలేనండీ" అన్నాడు. నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ రోజులు గుర్తుంది.

రెండు వారాలు బిందెలో తల పెట్టి వింటున్నట్టు ఉంది. చెవి డాక్టరు చూసి కర్ణభేరి చిరగలేదు, కానీ కమిలి ఎర్రబడింది, వెనక ద్రవం చేరింది అన్నారు. పూర్తిగా మానిందని తాను చెప్పేదాకా డైవింగ్ వద్దన్నారు, విమానమూ అప్పుడే వద్దన్నారు. టికెట్ మార్చుకోవాల్సి వచ్చింది. ఏ ఇబ్బందీ లేకపోయినా ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదని డైవింగ్‌లో సాధారణంగా చెప్పే లెక్క. మర్నాడు పొద్దున్నే విమానం పెట్టుకుని మధ్యాహ్నం రెండు డైవ్‌లు చేసేవాళ్లను నేను ప్రతి ట్రిప్పులోనూ చూస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం. ఈ కథ చాలా రోజులు నేను గైడు మీదే నెపం వేసి చెప్పాను. ఒక సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ వారమంతా నాకు జలుబు. పొద్దున ముక్కు తెరుచుకోవడానికి మాత్ర వేసుకుని వెళ్లాను. బోటెక్కే ముందు ఇచ్చిన ఆరోగ్య పత్రంలో చెవి, ముక్కు ఇబ్బందులేమైనా ఉన్నాయా అంటే 'లేదు' అని టిక్కు పెట్టాను. డబ్బు కట్టేశాం, తమ్ముడు వచ్చాడు, ఇప్పుడు వెనక్కి ఎలా వెళ్తాం అని. అలాంటి మాత్ర ప్రభావం మధ్యలో తగ్గితే పైకి వచ్చేటప్పుడు గాలి లోపలే ఇరుక్కునే ప్రమాదం కూడా ఉందని డాక్టరు చెప్పాక తెలిసింది. తాడు ఉన్నా ఆ రోజు నా చెవి తెరుచుకునేది కాదేమో. కానీ తాడు ఉండి ఉంటే రెండు మీటర్ల దగ్గరే ఆగిపోయేవాణ్ని, ఊదుకుంటూ ఐదు మీటర్ల దాకా పోయేవాణ్ని కాదు. ఈ మాట మీద మాత్రం ఇప్పటికీ నిలబడతాను.

తాడుకూ వంకలు లేకపోలేదు. చాలాకాలం నీళ్లలో ఉన్న తాడు మీద నాచులా కనిపించే జీవులు పెరుగుతాయి, వాటిలో కొన్ని కుడతాయి. ఒకసారి ఒట్టి చేతులతో పట్టుకుని వారం రోజులు అరచెయ్యి గోక్కున్నాను. ఎనిమిది మంది ఒకే తాడు పట్టుకుంటే పైవాడి కాలికున్న ఈత తెడ్డు (ఫిన్) కిందివాడి మాస్కుకు తగులుతుంది. ప్రవాహం గట్టిగా ఉంటే తాడు ఏటవాలుగా వంగి, దిగడం కంటే వేలాడటమే పనవుతుంది. ఇంకోటి, తాడు అలవాటై నాకు జాకెట్‌తో తేలడం సరిగ్గా రాలేదు. తాడు వదలగానే కాళ్లు దించి దిబ్బ మీద నిలబడబోయేవాణ్ని. పగడం రాయిలా కనపడే జీవి. దాని మీద కాలు పెట్టడమంటే ఏళ్ల తరబడి పెరిగినదాన్ని ఒక్క క్షణంలో విరగ్గొట్టడమే. మొదటి మూడు నాలుగు ట్రిప్పుల్లో నేను ఎన్ని విరిచానో అనుకుంటే సిగ్గేస్తుంది.

ఆ దిబ్బలు కూడా అప్పటిలా లేవు. తొలి ట్రిప్పు తర్వాత 'రంగుల తోట' అని అందరికీ చెప్పాను. ఆ రంగుల్లో ఎరుపు ఐదారు మీటర్లకే నీళ్లలో కరిగిపోతుందని, నేను చూసిన ఎరుపులో సగం ఫొటో దిద్దినవాళ్ల పుణ్యమని తర్వాత తెలిసింది. అది సరే. 2024 తర్వాత అదే దిబ్బ దగ్గరికి మళ్లీ వెళ్తే కొమ్మ పగడాలు కొన్ని సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. నీళ్లు వేడెక్కితే పగడం తనలో ఉండి తిండి పెట్టే సూక్ష్మ నాచును వెళ్లగొట్టేస్తుంది, రంగూ దానితోనే పోతుంది. ప్రపంచమంతటా ఇలా తెల్లబడటం ఇది నాలుగోసారి అని శాస్త్రవేత్తలు 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. తెల్లబడిందంటే చచ్చిందని కాదు, నీళ్లు చల్లబడితే కోలుకునే అవకాశం ఉంటుందని గైడు చెప్పింది. ఆమె గొంతులో పెద్ద నమ్మకమేమీ వినిపించలేదు.

మరి వెళ్లమంటానా అంటే, నా విషయం వేరు. నాకు పుట్టుకతోనే ముక్కు దూలం కాస్త వంకర, చెవులు బద్ధకం, నీళ్లంటే ఇష్టమూ భయమూ సమానంగా ఉంటాయి. అందుకే తాడు నాకు అంత పెద్ద విషయమైంది. మా తమ్ముడు దవడ కాస్త కదిపితే చాలు, చెవులు తెరుచుకుంటాయి. రాయిలా దిగిపోయి కింద నా కోసం కాచుకుని ఉంటాడు. వాడికి తాడంటే విసుగు. వాడు ఈ సమీక్ష రాస్తే మొత్తం చేపల గురించే రాసేవాడు. చెవులతో ఏ ఇబ్బందీ లేనివాళ్లు, ఒక గైడుకు ఒకరే ఉండే చోట, తాడు లేకపోయినా హాయిగా దిగొచ్చు.

నేను మాత్రం మారను. పన్నెండో ట్రిప్పు కోసం మొన్న ఒకచోటికి ఫోన్ చేశాను. మంచి కెమెరా ఉందన్నారు, వీడియో ఉచితమన్నారు. "అది సరేనండీ, దిగడానికి తాడు వేస్తారా?" అని అడిగాను.

"ఏం తాడండీ?" అన్నారు.

ఇంకోచోటికి చేశాను.