థైరాయిడ్ బరువు తగ్గిస్తాం అని అమ్మే ఆ పౌడర్ దయచేసి కొనకండి

ఫోన్‌లో రోజూ యాడ్ వస్తుంది కదా, థైరాయిడ్ ఉన్నవాళ్ళ కోసమే తయారు చేశాం, 3 నెలల్లో బరువు తగ్గుతారు, రోజూ కోచ్ మీతో మాట్లాడుతుంది అని, ఆ పౌడర్ గురించే రాస్తున్నా. ఆర్డర్ పెడదామనుకునేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. నిన్ననే డాక్టర్ దగ్గర్నుంచి వచ్చాను, ఇంకా కోపం చల్లారలేదు, ముందుదీ వెనకదీ కలిపేస్తే ఏమీ అనుకోకండి.

నాకు రెండేళ్ళుగా హైపోథైరాయిడ్, అంటే థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేయడం, 75 మైక్రోగ్రాముల ట్యాబ్లెట్ వాడుతున్నా, టీఎస్‌హెచ్ (రక్త పరీక్షలో వచ్చే అంకె, థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే ఇది పెరుగుతుంది) నార్మల్‌కి వచ్చేసింది గానీ పెరిగిన 8 కిలోలు మాత్రం దిగలేదు. విసుగొచ్చి కొన్నాను.

5 వారాలకి టెస్ట్ చేయించమన్నారు, టీఎస్‌హెచ్ 0.4 వచ్చింది. వెంటనే కోచ్ వాయిస్ మెసేజ్, "చూశారా మేడం, మీ థైరాయిడ్ దానంతటదే పనిచేస్తోంది, ఇంక ట్యాబ్లెట్ అక్కర్లేదు, ఆపేయండి" అని. సంతోషంతో ఆ మెసేజ్ రెండుసార్లు విన్నా. ఆపేశా. మా డాక్టర్ని ఒక్క మాట అడగలేదు, ఆ తప్పు నాదే, అదే ఇప్పుడు తినేస్తోంది నన్ను.

మొదట్లో ఏమీ తెలీలేదు, ఆ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం దాకా పడుతుందట. తర్వాత మొదలైంది. పొద్దున లేస్తే కళ్ళ చుట్టూ ఉబ్బు, గొంతు బొంగురు, మలబద్ధకం, వేలికున్న ఉంగరం సబ్బు రాసి తిప్పినా రాలేదు. బరువు ఇంకో 4 కిలోలు పెరిగింది. కోచ్‌కి చెప్తే మళ్ళీ టెస్ట్ అంది, 4.2 వచ్చింది. అప్పుడు ఏమందో తెలుసా, "రిపోర్ట్ బాగానే ఉంది మేడం, మీరే ఎక్కువ తింటున్నారు, నిజం చెప్పండి." కడుపు మాడ్చుకుని ఉన్న మనిషిని పట్టుకుని నిజం చెప్పండి అంటుందా! ఆ రాత్రి ఏడ్చాను.

డాక్టర్ నా మొహం చూసి, రిపోర్ట్ చూసి, మళ్ళీ మొహం చూసి ఏం వాడుతున్నారు అన్నారు. డబ్బా చూపించా. వెనకాల సన్న అక్షరాల్లో బయోటిన్ 10 మిల్లీగ్రాములు అని ఉంది, అదొక బి విటమిన్. పెద్దవాళ్ళకి రోజుకి 30 మైక్రోగ్రాములు చాలట, ఇది దానికి మూడొందల రెట్లు పైనే. చాలా ల్యాబ్ మెషీన్లు టెస్ట్ చేసే పద్ధతిలోనే బయోటిన్ ఉంటుందట, రక్తంలో అది ఎక్కువైతే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ ఎక్కువగా చూపిస్తాయట. అంటే నా థైరాయిడ్ బాగుపడలేదు, రిపోర్ట్ ఒక్కటే బాగుపడింది. పౌడర్ 3 రోజులు ఆపి అదే ల్యాబ్‌లో మళ్ళీ రక్తం ఇచ్చా. టీఎస్‌హెచ్ 46.

ఆ రిపోర్ట్ ఫొటో కోచ్‌కి పంపి, ట్యాబ్లెట్ ఎందుకు ఆపమన్నారు అని అడిగా. చదివినట్టు టిక్ పడింది. టైపింగ్ అని వచ్చింది, ఆగింది, మళ్ళీ వచ్చింది. "మేము అలా ఎప్పుడూ చెప్పలేదు మేడం." ఆ తర్వాత నేను చూస్తుండగానే పైనున్న ఆవిడ మెసేజ్‌లు ఒక్కొక్కటీ డిలీట్ అవుతూ పోయాయి, ఆ వాయిస్ మెసేజ్‌తో సహా. పది నిమిషాల్లో ఆ పౌడర్ వాడేవాళ్ళ గ్రూప్‌లోంచి నన్ను తీసేశారు, నంబర్ బ్లాక్. నా డబ్బు పోతే పోయింది, ఆ గ్రూప్‌లో నాలాగే ట్యాబ్లెట్ ఆపేసినవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో, వాళ్ళకి చెప్పే దారి కూడా లేకుండా చేశారు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

డాక్టర్ ఇంకోటి చెప్పారు, థైరాయిడ్ వల్ల పెరిగేది మామూలుగా 2 నుంచి 4 కిలోల దాకానేనట, అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిన ఉప్పూ నీరేనట. మిగతాది తిండీ నడకతో మెల్లగా తగ్గించుకోవాల్సిందే. ఈ మాట ముందే ఎవరైనా చెప్పుంటే ఆ డబ్బా జోలికే వెళ్ళేదాన్ని కాదు.

జుట్టు కోసం బయోటిన్ వాడేవాళ్ళు కూడా థైరాయిడ్ టెస్ట్‌కి కనీసం 2 రోజుల ముందు ఆపండి, డాక్టర్‌కి చెప్పండి. ఐరన్, క్యాల్షియం ఉంటే థైరాయిడ్ ట్యాబ్లెట్‌కి 4 గంటలు ఎడం పెట్టండి, నా పౌడర్‌లో ఆ రెండూ ఉన్నాయి, నేను పొద్దున్నే ట్యాబ్లెట్ వెంటే తాగేదాన్ని. మెసేజ్‌లు వచ్చినవి వచ్చినట్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, వాయిస్ అయితే సేవ్ చేసుకోండి. నేను తీసుకోలేదు.

నిన్నటి నుంచి మళ్ళీ 75 మొదలుపెట్టా. 6 వారాల తర్వాత టెస్ట్.