పెట్టె మీద ఏనుగు, చేనులో అడవి పంది: సోలార్ కంచె యంత్రంతో పద్నాలుగు నెలలు

అచ్చంపేట దాటి నల్లమల అంచుకు ఆనుకొని మాకున్న నాలుగెకరాల పల్లి చేనును అడవి పందుల నుంచి కాపాడుకోవడానికి, నిరుడు యాసంగి విత్తనాలకు ముందు, మహబూబ్‌నగర్‌లోని ఒక దుకాణంలో సోలార్ కంచె యంత్రం కొన్నాను. మా వైపు దీన్ని అందరూ ఝట్కా మిషన్ అంటారు. పెట్టె, సోలార్ పలక, 12 వోల్టుల బ్యాటరీ, సైరన్ కలిపి 14,500 రూపాయలు తీసుకున్నారు. తీగ, ఇన్సులేటర్లు, రాతి కడీలు, కూలి ఖర్చు దీనికి అదనం. దుకాణం పేరు, కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు.

పెట్టె మీద తొండమెత్తిన ఏనుగు బొమ్మ ఉంది. మన దగ్గర ఏనుగులు ఎక్కడివని అడిగితే, యజమాని “ఆసిఫాబాద్‌కు రాలేదా సార్? ఏనుగే ఆగుతదంటే పంది ఎంత!” అన్నాడు. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర వైపు నుంచి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చిన ఒంటరి ఏనుగు ఒక రోజు వ్యవధిలోనే ఇద్దరు రైతులను చంపిన మాట నిజమే. కానీ ఆ జిల్లా రాష్ట్రానికి ఆ కొసన ఉంది, మేము ఈ కొసన ఉన్నాం. అమ్రాబాద్ అడవిలో పులి ఉంది గాని ఏనుగు లేదు. అయినా నేను ఆ మాటకు పడ్డానని ఒప్పుకోవాలి. ఏనుగును ఆపేది పందిని ఆపదా అన్న లెక్క వినడానికి బాగానే ఉంటుంది, చేనులోకి దిగితే మాత్రం తప్పుతుంది.

యంత్రం చేసే పని తేలికైనదే. అది తీగలోకి సెకనుకు ఒకసారి చొప్పున వేల వోల్టుల దెబ్బను, సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు పంపుతుంది. తీగను తాకిన జంతువు ఒంటి గుండా కరెంటు నేలలోకి దిగి, అక్కడి నుంచి నేలలో పాతిన ఇనుప కడ్డీ (ఎర్తు కడ్డీ) ద్వారా తిరిగి యంత్రానికి చేరితేనే దెబ్బ తగులుతుంది. దుకాణం వారు పంపిన మనిషి ఒకే ఒక్క కడ్డీ పాతి, సైరన్ మోగించి చూపించి, డబ్బులు తీసుకొని వెళ్లిపోయాడు. మాది చెలక నేల, పైగా అప్పటికి వానలు పడి చాలా రోజులైంది, అలా ఎండిన నేలలో కరెంటు సరిగా పారదు. మూడో రాత్రికే పందులు తూర్పు గట్టు మీదుగా వచ్చి పది గుంటల చేను తవ్విపోశాయి. టెస్టర్ తెచ్చి చూస్తే తీగలో 2,800 వోల్టులే ఉన్నాయి. నేనే బోరు దగ్గర తడి ఉన్న చోట ఆరడుగుల కడ్డీలు మూడు, ఒక్కొక్కటి పదడుగుల ఎడంతో పాతించి కలిపాక, అదే యంత్రం 7,000 దాటి చూపించింది. యంత్రంలో లోపం లేదు, బిగించడంలో ఉంది.

రెండో లోపం తీగ ఎత్తులో దొరికింది. ఆ మనిషి మొదటి తీగను మోకాలి ఎత్తున కట్టాడు. పంది మూతి నేలకు రాసుకుంటూ నడుస్తుంది. తడిగా ఉండే ఆ మూతికి తగిలితే అరిచి వెనక్కి తిరుగుతుంది, వీపు మీది ముళ్ల వెంట్రుకలకు తగిలితే ఏమీ పట్టనట్టు ముందుకు దూసుకుపోతుంది. తీగలను 8 అంగుళాలు, 16 అంగుళాల ఎత్తుకు దించిన తర్వాత ఈ పద్నాలుగు నెలల్లో పందులు రెండే సార్లు లోపలికి వచ్చాయి. ఆ రెండు సార్లూ తప్పు నాదే, గడ్డి తీయించలేదు. తీగను తాకిన పచ్చి గడ్డి ప్రతి పోచా కొంత కరెంటును నేలలోకి లాగేస్తుంది. కడీలు మిగుల్చుకోవాలని తీగను గట్టు మీది వేపచెట్లకు మేకులతో బిగించడం కూడా పొరపాటే. వాన పడగానే తడి బెరడు గుండా కరెంటు దిగిపోయింది, చెట్టుకు గాట్లు మిగిలాయి.

ఇక ఆ ఏనుగు బొమ్మ సంగతి. మా వియ్యంకుల వారి మామిడి తోట పలమనేరు దగ్గర, కౌండిన్య అభయారణ్యానికి ఆనుకొని ఉంది. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చి అక్కడ నిలిచిపోయిన ఏనుగుల కోసమే 1990లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. సంక్రాంతికి వెళ్లినప్పుడు మా యంత్రం గొప్ప చెప్పబోతే, ఆయన నవ్వి తోట చివరికి తీసుకెళ్లారు. ఆరడుగులకు పైగా ఎత్తున నాలుగు వరుసల తీగలతో ఉన్న కంచె ఇరవై గజాల మేర నేల మీద పడి ఉంది, దాని మీద ఒక పెద్ద కొమ్మ అడ్డంగా ఉంది. “షాకు తొండానికి తగుల్తుంది గానీ దంతానికి తగలదు బావగారూ” అన్నారు. దంతంలో కరెంటు పారదు కాబట్టి మగ ఏనుగు తీగను దంతంతో తెంపుతుందట, దంతాలు లేనివి స్తంభాన్ని తోస్తాయి, లేదంటే చెట్టు కొమ్మను విరిచి తీగల మీద పడేస్తాయి. రోజుకు 150 కిలోల దాకా మేత కావలసిన జంతువుకు ఆ మాత్రం ఓపిక ఉండడంలో వింత లేదు. తమిళనాడు, కేరళలో కొన్నిచోట్ల ఎత్తైన స్తంభాల నుంచి తీగలను వేలాడదీసే కంచెలు వేయడం స్తంభాన్ని దానికి అందకుండా దూరం పెట్టడానికే. కంచె ఊరి చుట్టూనో చేను చుట్టూనో ఉండాలి గాని ఏనుగులు తరతరాలుగా నడిచే దారికి అడ్డం పడకూడదని, అడ్డం పడితే ఆ మంద పక్క రైతు చేనులోకి మళ్లుతుందని ఆయన అన్న మాట, ఏ దుకాణంలోనూ నేను వినలేదు. కాబట్టి మా 16 అంగుళాల కంచెకు ఆ బొమ్మతో ఏ సంబంధమూ లేదు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది మరొకటి. పదకొండో నెలలో బ్యాటరీ చచ్చిపోయింది. హామీ గడువు ఇంకా ఉన్నా, మార్చి ఇవ్వడానికి పంతొమ్మిది రోజులు తిప్పారు. ఈ మధ్యలో ఏం చేయమంటారని అడిగితే, బిగించిన మనిషి “రాత్రిపూట డైరెక్ట్‌గా లైన్‌కు తగిలియ్యిండ్రి, అందరు చేస్తలేరా” అన్నాడు. ఆగి ఆగి కొట్టే దెబ్బకు, విడవకుండా పారే లైన్ కరెంటుకు తేడా తెలియని మనిషి ఈ యంత్రాలు బిగిస్తున్నాడు. 2023 మార్చిలో తమిళనాడులోని ధర్మపురి జిల్లా మారండహళ్లి వద్ద ఒక పొలం చుట్టూ అక్రమంగా కరెంటు పెట్టిన తీగకు తగిలి మూడు ఏనుగులు చనిపోగా రెండు గున్నలు మిగిలాయి. మన ఊళ్లలో అటువంటి తీగలకు పందుల కంటే ముందు, తెల్లవారుజామున మోటారు వేయడానికి వెళ్లే మనిషే బలైన సందర్భాలున్నాయి. ఆ పంతొమ్మిది రాత్రులు నేను, మా తమ్ముడు మంచె మీద కాపలా పడుకున్నాం.

పందుల కోసమైతే ఈ యంత్రానికి ఐదుకు నాలుగు ఇస్తాను, బిగించిన తీరుకు ఒకటి, అమ్మిన తర్వాతి సేవకు అదీ ఇవ్వను. పలమనేరు, కుప్పం వైపు రైతులెవరైనా బొమ్మ చూసి కొనదలిస్తే వద్దనే చెబుతాను. కొనేవారు పెట్టె వెనుక ఐఎస్ 302 (కరెంటు పరికరాల భద్రతకు భారతీయ ప్రమాణం) ముద్ర ఉందో లేదో చూసుకొని, మూడు ఎర్తు కడ్డీలు, టెస్టర్ కూడా అదే ధరలో కలిపి బేరం చేయాలి. నాకు టెస్టర్ విడిగా 1,200 రూపాయలు పడింది.