లారిమార్ వెండి నగలు: లాకెట్‌కి సరే, ఉంగరానికి వద్దు

లారిమార్ అనే నీలిరాయి నగలు కొందామనుకునేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా. లాకెట్ కొనండి, కమ్మలు కొనండి, ఉంగరం జోలికి మాత్రం వెళ్లకండి. నా దగ్గర మూడూ ఉన్నాయి. అమెరికాలో ఉన్న రోజుల్లో డొమినికన్ రిపబ్లిక్ టూర్ వెళ్లినప్పుడు, సాంతో డొమింగో పాత ఊళ్లో చేత్తో వెండిపని చేసే ఒక దుకాణంలో కొన్నాను. ఏళ్లుగా వాడుతున్నాను.

ఈ రాయి దొరికేది ఆ దేశంలోనే, అదీ బరహోనా కొండల్లోనే. లారిమార్ అంటే నీలిరంగు పెక్టొలైట్. పెక్టొలైట్ అనే ఖనిజం వేరే దేశాల్లోనూ ఉంది కానీ అక్కడ తెల్లగానో బూడిదరంగులోనో ఉంటుంది. 1974లో ఆ దేశస్థుడు మిగెల్ మెండెజ్, పీస్ కోర్ అనే అమెరికా సేవాసంస్థ వాలంటీర్ నార్మన్ రిల్లింగ్ కలిసి బరహోనా బీచ్‌లో నీలిరాళ్లు చూశారు. అవి బహొరుకో నదిలో కొట్టుకొచ్చినవని తేలాక, ఎగువకి వెళ్లి వెతికితే అసలు చోటు దొరికింది.

రంగు గురించి ఎంత చెప్పినా తక్కువే. లేత నీలం మీద తెల్లటి గీతలు వలలా అల్లుకుని ఉంటాయి. ఎండ పడినప్పుడు స్విమ్మింగ్ పూల్ అడుగున కదిలే వెలుగు గుర్తుందా, అచ్చం అలాగే. ఏ రెండు రాళ్లూ ఒకలా ఉండవు కాబట్టి కమ్మలకి జత కుదరడం కష్టం. నావి కూడా ఒకటి కాస్త ముదురు, ఒకటి లేత. జుట్టు విరబోసుకుంటే ఎవరికీ తెలీదు.

ఇక ఉంగరం. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ స్కేలు మీద లారిమార్ 4.5 నుంచి 5. మనింట్లో దుమ్ములో ఉండే ఇసుకరేణువులు 7. అంటే పొడిగుడ్డతో గట్టిగా తుడిచినా రాయి మీద గీత పడొచ్చు. గిన్నెలు, బండి హ్యాండిల్, కూరగాయల సంచి... చేతికి తగలనిదేముంది? నా ఉంగరం మెరుపు తొందరగానే మసకబారింది. లాకెట్ మాత్రం ఇప్పటికీ నిగనిగలాడుతోంది, ఎందుకంటే అది దేనికీ రాసుకోదు.

పనితనానికి మాత్రం పూర్తి మార్కులు. రాయి చుట్టూ సన్నటి వెండి రేకు నిలబెట్టి, అంచు లోపలికి నొక్కి బిగించారు. ఇన్నేళ్లలో ఏ రాయీ కదల్లేదు. తర్వాత హైదరాబాద్‌లో ఉంగరం సైజు పెంచాల్సి వచ్చినప్పుడు, రాయి తీయకుండా మంట పెట్టొద్దని పనాయనకి చెప్పాను. ఆయన ఓపిగ్గా అంచు విప్పి, రాయి పక్కన పెట్టి, అతుకు వేశాక మళ్లీ కూర్చోబెట్టాడు.

వెండి 925, అంటే 92.5 శాతం వెండి, మిగతాది ఎక్కువగా రాగి. మన ఉక్కపోతకి నల్లబడుతుంది, తప్పదు. పట్టీలు తోమినట్టు దీన్ని తోమకండి. పళ్లపొడి రాయిని గీస్తుంది. చింతపండు, నిమ్మకాయ పులుపు రాయికి పడదు. గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క షాంపూ వేసి, మెత్తటి గుడ్డతో వెండిని మాత్రం రుద్దండి. ఎండలో వదిలేస్తే రంగు వెలుస్తుందంటారు. నేను బీరువాలో పెడతాను, నాది వెలవలేదు.

అన్నట్టు, మా అత్తయ్య దీన్ని చూడగానే హడలిపోయారు. "శని రాయి కదే, జాతకం చూపించకుండా ఎలా పెట్టుకున్నావ్?" అన్నారు. ఇది నీలం కాదత్తయ్యా, నవరత్నాల్లో లేనే లేదు అని ఎంత చెప్పినా నమ్మలేదు. ఇప్పుడు పెళ్లిళ్లకి ఆవిడే అడిగి పెట్టుకెళ్తున్నారు. ముదురాకుపచ్చ పట్టుచీర మీద నాకంటే ఆవిడకే బాగుంటుంది, నిజం చెప్పాలంటే.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు జాగ్రత్త. రంగు వేసిన హౌలైట్ (ఒక తెల్లరాయి), గాజు, ప్లాస్టిక్ కూడా ఈ పేరుతో అమ్ముతారు. గీతలే లేకుండా మొత్తం ఒకే నీలం ఉంటే అనుమానించండి. రంగు ముదిరే కొద్దీ ధర పెరుగుతుంది. ఆకుపచ్చ, తెలుపు ఎక్కువున్నవి చవక. ఒక రాయి ఫొటో చూపించి ఇంకోటి పంపే అవకాశం ఉంది కాబట్టి, మీకు పంపబోయే రాయి ఫొటోనే పగటి వెలుగులో తీసి పంపమని అడగండి. పంపనంటే ఆ బేరం వదిలేయండి.