ఏరు దాటితే వేరే రాష్ట్రం: పర్లాకిమిడి నుంచి సెల్లర్ ఖాతాల రివ్యూ

పోయిన ఎండాకాలం నుంచి నన్ను ఓ పదిమంది అడిగుంటారు, "ఆన్‌లైన్‌లో అమ్ముతున్నావు కదా, మామూలు ఖాతా సరిపోద్దా, బిజినెస్ ఖాతా తెరవాలా" అని. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పి గొంతు పోతోంది, అందుకే ఇక్కడ రాసి పడేస్తున్నా. నేను వాడినవి నాలుగు. సొంత పేరు మీద ప్రకటనలు పెట్టుకునే మామూలు ఖాతా, వాట్సాప్ బిజినెస్, జీఎస్టీ లేకుండా ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో తెరిచిన సెల్లర్ ఖాతా, ఆఖరికి జీఎస్టీతో సెల్లర్ ఖాతా. ఇదే వరసలో వాడాను, ఇదే వరసలో దెబ్బలు తిన్నాను.

మాది ఒడిశాలో పర్లాకిమిడి. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. మా అమ్మావాళ్లిల్లు అక్కడే. ఇక్కడ కుక్కరు పెట్టి, అమ్మ పెరట్లో కరివేపాకు కోసుకొస్తానని వెళ్లి, అమ్మతో నాలుగు మాటలాడి వచ్చిన రోజులున్నాయి (కుక్కరు మా ఆయన దించారనుకోండి). 1936లో ఒడిశా వేరుపడ్డప్పుడు పడిన గీత పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఎప్పుడూ అడ్డం రాలేదు. ఆవకాయ అమ్మడం మొదలెట్టాకే అడ్డం వచ్చింది.

మొదట మామూలు ఖాతా సంగతి. చిన్నోడి ఉయ్యాల, అత్తయ్య పాత కుట్టు మిషను, మా ఆయన బ్యాంకు పరీక్షల పుస్తకాలు, ఇవన్నీ దాంట్లోనే అమ్మాను. ఫోటో తీసి, ధర పెట్టి, చాట్‌లోనే బేరమాడి, వీధి చివర కిరాణా కొట్టు దగ్గర చేతికిచ్చి డబ్బు తీసుకోవడం. పాన్ కార్డు అడగలేదు, బ్యాంకు వివరాలు అడగలేదు, కమీషను లేదు. ఇంట్లో వాడిన సామాను అమ్ముకుంటే దాని మీద జీఎస్టీ ఉండదు, అది వ్యాపారం కాదు కాబట్టి. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల్లో కూడా ఇదే ఉంది: ఒక మనిషి సొంతానికి అమ్ముకుంటుంటే, అది పద్ధతిగా, అదే పనిగా చేసే వ్యాపారం కాకపోతే, ఆ నిబంధనలు వర్తించవు. ఇన్ని వస్తువులు దాటితే వ్యాపారం అని అంకె ఏమీ పెట్టలేదు. నేను మాత్రం ఇలా చూసుకుంటా: ఇంట్లో ఉన్నది అమ్ముతున్నానా, అమ్మడానికని తయారు చేస్తున్నానా?

మోసగాళ్లు మాత్రం ఇక్కడే ఎక్కువ. ఉయ్యాల పెట్టిన గంటలోనే ఒకడు మెసేజీ పెట్టాడు, మిలిటరీలో ఉన్నానని, బేరం కూడా ఆడలేదు, "క్యూఆర్ కోడ్ పంపుతున్నా, స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడిపోద్ది" అన్నాడు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. ఈ ఒక్క ముక్క మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఈ రోజే చెప్పండి. బేరం ఆడకుండా ఉయ్యాల కొనేవాడు మన వైపు ఉంటాడా అసలు!

తర్వాత తెలివితక్కువ పని చేశాను. అత్తయ్య పెట్టిన ఆవకాయ బాగుందని అందరూ అంటున్నారు కదా అని అదే ఖాతాలో అరకేజీ, కేజీ, రెండు కేజీలు, మాగాయ, అప్పడాలు, అన్నిటికీ వేరువేరు ప్రకటనలు వారం రోజుల్లో వరసగా పెట్టేశాను. ఎనిమిదో రోజు పొద్దున్న చూస్తే ఖాతా లాక్. వ్యాపారం చేస్తున్నట్టుంది, ఇది వ్యక్తిగత వాడకానికి అని ఒక మెసేజీ. ఆ యాప్ పేరు రాయను, తప్పు నాదే. కానీ ఉయ్యాల కొన్నాయనతో చాట్, కుట్టు మిషను కోసం అడిగిన వాళ్ల నంబర్లు అన్నీ దాంతోనే పోయాయి. సొంత సామానుకి ఐదుకి ఐదు ఇస్తా, అమ్మడానికి చేసిన దానికి సున్నా.

వాట్సాప్ బిజినెస్ మన దేశంలోకి 2018 జనవరిలో వచ్చింది, ఉచితం. ఇంకో సిమ్ ఉంటే అదే ఫోన్లో మామూలు వాట్సాప్ పక్కనే పెట్టుకోవచ్చు. కేటలాగ్‌లో ఫోటోలు, ధరలు పెట్టేస్తే "ఏటేటి ఉన్నాయమ్మా" అని అడిగిన ప్రతివాళ్లకీ మళ్లీ మళ్లీ టైపు చేసే బాధ తప్పుతుంది. లేబుళ్లు నాకు బాగా నచ్చాయి, "డబ్బు రావాలి" అని ఎర్ర లేబులు ఒకటి పెట్టుకున్నా. అది పెట్టుకోవాల్సి రావడమే ఈ ఖాతాతో గొడవ. కొనేవాళ్లంతా తెలిసినవాళ్లే, పిన్నులు, వదినలు, అమ్మ స్నేహితురాళ్లు. "రేపు మీ అమ్మకి ఇచ్చేస్తాను లేమ్మా" అంటారు. అమ్మ తీసుకోదు, మొహమాటం. మూడు నెలల తర్వాత లేబుల్ కింద చూస్తే 2,340 రూపాయలు ఉంది.

ఇక్కడే నాకు అసలు సంగతి తెలిసింది. మా ఊళ్లో టాక్సు పనులు చూసే ఆయన ఒక మాట అన్నారు, "సరుకు పాతపట్నం పంపుతున్నారా? అయితే 40 లక్షల మాట మర్చిపోండి." అందరూ చెప్పే ఆ 40 లక్షల టర్నోవరు మినహాయింపు సొంత రాష్ట్రంలో సరుకు అమ్ముకునేవాళ్లకి. పన్ను ఉన్న సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే మొదటి సీసా నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. కొన్ని హస్తకళల వస్తువులకి సడలింపు ఉంది, ఆవకాయ హస్తకళ కిందికి రాదట. అత్తయ్యకి ఈ ముక్క చెబితే అరచేతులు చూపించి, మరి ఇవేటి అన్నారు.

ఇంకో తమాషా ఏంటంటే అప్పడానికి జీఎస్టీ లేదు, ఆవకాయకి ఉంది. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాబట్టి ఒట్టి అప్పడాల వ్యాపారమైతే ఏరు దాటించినా జీఎస్టీ గోల లేదు. ఆ అప్పడాల పక్కన ఆవకాయ సీసా ఒకటి పెట్టామో, లెక్క మారిపోతుంది. తినే సరుకు కాబట్టి ఫుడ్ సేఫ్టీ వాళ్ల 14 అంకెల నంబరు రెండిటికీ కావాలి, అది వేరే సంగతి.

మూడోది ఎన్‌రోల్‌మెంట్ ఖాతా. 2023 అక్టోబరు 1కి ముందు ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లలో పన్ను ఉన్న సరుకు అమ్మాలంటే ఎంత చిన్నవాళ్లకైనా జీఎస్టీ తప్పనిసరి. ఆ రోజు నుంచి, టర్నోవరు పరిమితి లోపు ఉండి, పాన్ ఉండి, ఒకే రాష్ట్రంలో ఉంటూ ఆ రాష్ట్రంలోనే అమ్మేవాళ్లు జీఎస్టీ పోర్టల్లో ఎన్‌రోల్ అయ్యి నంబరు తీసుకుంటే చాలు, జీఎస్టీ రిటర్నులు (అమ్మకాల లెక్కలు) వేసే బాధ లేదు. అన్ని యాప్‌లూ ఈ నంబరు తీసుకోవు, ముందు కనుక్కోండి. విదేశాల్లో ఈబే లాంటి చోట్ల ఖాతా తెరిచేటప్పుడే సొంతానికా, వ్యాపారానికా అని సూటిగా అడుగుతారు. మన ఈబే 2018లోనే మూతపడింది, ఇప్పుడు నేను చూసిన సెల్లర్ యాప్‌లలో "జీఎస్టీ నంబరు" అనే ఖాళీ గడే ఆ ప్రశ్న అడుగుతోంది.

నంబరు తేలిగ్గానే వచ్చింది. సంతోషంగా సరుకు పెట్టాను. అప్పుడు పాతపట్నం నుంచి అమ్మ ఫోను, "ఏటే, నీ ఆవకాయ మా పిన్‌కోడ్‌కి రాదంటాంది." నిజమే, మాది 7తో మొదలయ్యే పిన్‌కోడ్, వాళ్లది 5తో. భువనేశ్వర్‌కి, రవుర్కెలాకి వెళ్తుంది, ఏటి అవతలకి వెళ్లదు. కొన్నవాళ్లు మంచివాళ్లే కానీ ఆవకాయ అలవాటు లేనివాళ్లు. ఒకావిడ రెండు స్టార్లు ఇచ్చి "చాలా కారం, నూనె ఎక్కువ" అని రాసింది. అది ఆవకాయ తల్లీ! అమ్మ ఇంటి చిరునామాతో పాతపట్నంలో ఇంకో నంబరు తీసుకుందామనుకున్నా, కుదరదు, ఒక పాన్ మీద ఒక రాష్ట్రమే. బరంపురంలో ఉండి బరంపురం, కటక్ వాళ్లకే అమ్మేవాళ్లయితే ఈ ఖాతాకి నాలుగు స్టార్లు ఇస్తా. మా బోటి గట్టు మీద వాళ్లకి ఒకటి. ఇచ్చాపురంలో ఉండి బరంపురం వాళ్లకి అమ్ముదామనుకునేవాళ్లకీ, పార్వతీపురంలో ఉండి రాయగడ చుట్టాలకి పంపేవాళ్లకీ ఇదే కథ, దిక్కు మారుతుందంతే. చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపోజిషన్ స్కీములో చేరితే తక్కువ పన్ను కదా అని ఎవరైనా చెబితే గుర్తుపెట్టుకోండి, దాంట్లో చేరినవాళ్లు కూడా రాష్ట్రం దాటి సరుకు అమ్మకూడదు.

ఇక జీఎస్టీ ఖాతా. రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం రూపాయి తీసుకోదు, చేయించినాయనకి నేను 1,500 ఇచ్చాను. పేరు దగ్గర పదిహేను రోజులు పోయాయి. పాన్‌లో నా ఇంటిపేరు ఒక్క అక్షరమే, ముందు ఉంది. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, అదీ చివర. బ్యాంకు పుస్తకంలో పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు. మనవాళ్లలో సగం మందికి ఇదే గొడవ ఉంటుంది, కాబట్టి దరఖాస్తు పెట్టకముందే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. కరెంటు బిల్లు మామయ్య పేరు మీద ఉంది, ఆయన చేత సమ్మతి పత్రం రాయించాం. ఆయన సంతకం పెట్టే ముందు కళ్లజోడు తెప్పించుకుని మొత్తం చదివి, "ఇల్లు నీ పేరున రాసేయడం కాదు కదా" అని అడిగి మరీ పెట్టారు.

నంబరు వచ్చాక మన వ్యాపార చిరునామా పోర్టల్లో ఎవరైనా చూడొచ్చు, ప్యాకెట్ మీద ఎలాగూ రాయాలి. ఇంట్లోంచి చేసుకునే ఆడవాళ్లు ఇది ముందే ఆలోచించుకోవాలి. టెక్కలి నుంచి ఒక పెద్దాయన మధ్యాహ్నం రెండింటికి నేరుగా గుమ్మంలోకి వచ్చి, "ఇదేనామ్మా ఆవకాయ కంపెనీ" అన్నారు. కంపెనీ అప్పుడు నైటీలో ఉంది, ఆవాలు చెరుగుతోంది.

డబ్బు లెక్క చెప్తా. కేజీ సీసా 450కి పెట్టాను. కమీషను, కొరియరు, ఫిక్స్‌డ్ ఫీజు, ఆ ఫీజుల మీద 18 శాతం జీఎస్టీ, అన్నీ పోను నా చేతికి వచ్చింది 287. దాంట్లోంచి ఆవకాయ మీద నేను కట్టాల్సిన పన్ను వేరే. కొరియరు ఎక్కువ పడింది నా తప్పు వల్లే, పగలకుండా పాత బట్టలు చుట్టి పెద్ద డబ్బాలో పెట్టాను, వాళ్లు డబ్బా సైజుని బట్టి లెక్కేశారు. ఇప్పుడు గాజు మానేసి మూత కింద సీలున్న ప్లాస్టిక్ సీసా, చిన్న డబ్బా, 40 రూపాయలు మిగిలింది. యాప్ వాళ్లు మన అమ్మకం డబ్బులోంచి ముందే 0.5 శాతం పన్ను, టీసీఎస్ అని కోస్తారు (2024 జులై దాకా 1 శాతం), అది పోయిన డబ్బు కాదు, జీఎస్టీ పోర్టల్లోకి వెళ్లి ఒప్పుకుంటే అక్కడ మన లెడ్జర్‌లో పడుతుంది. నేను నాలుగు నెలలు ఒప్పుకోకుండా వదిలేసి, యాప్ వాళ్లు తినేశారని తిట్టుకున్నాను. ఇన్‌కమ్ టాక్సు టీడీఎస్ మన పేరు మీదున్న ఖాతాకి, పాన్ ఇచ్చి, ఏడాది అమ్మకం 5 లక్షల లోపు ఉంటే కోయరు.

జీఎస్టీ రిటర్ను మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకున్నా. ఒక్క సీసా అమ్మకపోయినా వేయాలి. మర్చిపోతే సున్నా రిటర్నుకి కూడా రోజుకి 20 రూపాయలు. మామిడికాయల సీజన్ అయ్యాక నేను నిద్రపోయాను, లేచి చూస్తే 34 రోజులు, 500 (సున్నా రిటర్నుకి అంతకు మించి పడదు కాబట్టి సరిపోయింది).

రిటర్న్ వచ్చిన సీసా సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది. "లీకైంది" అని వెనక్కి పంపారు, తెరిచి చూస్తే టెంక కూడా లేదు, గోడలకి కాస్త పిండి. కంప్లైంటు పెడితే, ప్యాకింగ్ వీడియో ఉందా అన్నారు. లేదు, డబ్బు వాళ్లకి వెళ్లిపోయింది. ఇప్పుడు మా చిన్నోడు ప్రతి సీసాకీ వీడియో తీస్తున్నాడు, వీడియోకి రూపాయి అడుగుతున్నాడు.

ఇంతా తిట్టి ఈ ఖాతాకి మూడున్నర ఎందుకిస్తున్నానంటే విశాఖలో ఒక హాస్టల్ నడిపేవాళ్లు బిల్లు ఉంటేనే కొంటామన్నారు, 20 కేజీలు తీసుకున్నారు, మళ్లీ అడిగారు. సీసాలు, డబ్బాలు కొన్న బిల్లుల మీద కట్టిన జీఎస్టీ కూడా తగ్గించుకుంటున్నా. అమ్మ కూడా పాతపట్నం నుంచి యాప్‌లో ఆర్డరు పెట్టి, అది ఎక్కడెక్కడో తిరిగి నాలుగో రోజుకి వస్తే ఫోటో తీసి పంపింది. నడిచొచ్చి పట్టుకెళ్లొచ్చు కదే అంటే, నీకు స్టార్లు పెరగాలి కదా అంది.

నెలకి పది సీసాలు కూడా కదలవు, అవీ మన ఊళ్లోనే అనుకుంటే ఇంత తద్దినం పెట్టుకోకండి, వాట్సాప్ బిజినెస్ చాలు. నేను జీఎస్టీ ఖాతా ఉంచుకుంటున్నా, అప్పుకి మాత్రం వాట్సాప్‌లో అమ్మడం మానేశాను. లాకైన మామూలు ఖాతా వాళ్లకి రెండు మెయిళ్లు పెడితే తిరిగి తెరిచారు, దాంట్లో ఇప్పుడు చిన్నోడి పాత సైకిలు ఒక్కటే ఉంది. 1,800, వెనక టైరు కొత్తది. పాతపట్నం వాళ్లయితే అమ్మ ఇంటి దగ్గర చూసుకోవచ్చు.