పొద్దుతిరుగుడు మొలకలు: ఏ గింజ కొనాలి, ఏది వద్దు

హైదరాబాద్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో కొన్నేళ్లుగా పొద్దుతిరుగుడు మొలకలు పెంచుకుని తింటున్నాం. ట్రే, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), స్ప్రేయర్ ఏవైనా సర్దుకుపోవచ్చు. సర్దుకోకూడనిది గింజ దగ్గరే.

నా ఓటు నల్లగా, చిన్నగా, పలుచటి పొట్టుతో ఉండే నూనె రకానికి. పక్షుల మేత దుకాణాల్లో దొరికే తెల్ల చారల లావు గింజలు చవకే. కానీ వాటి పొట్టు మందం. మొలక పైకి లేచాక కూడా టోపీలా ఆకుల్ని బిగించి పట్టుకుంటుంది. ఒక్కొక్కటీ గోటితో ఊడదీస్తూ కూర్చోవాలి. పైగా అందులో పుల్లలు, విరిగిన గింజలు. డ్రైఫ్రూట్ షాపులో ఒలిచిన పప్పు నానబెట్టి తినడానికి బాగుంటుంది. పొట్టు తీసే మిషన్లో మొన దెబ్బతిన్న పప్పులు మాత్రం మొలకెత్తవు, కుళ్లి వాసన కొడతాయి.

రైతులకు అమ్మే హైబ్రిడ్ విత్తనాల ప్యాకెట్ జోలికి మాత్రం పోకండి. బూజు తెగులుకు మెటలాక్సిల్, రసం పీల్చే పురుగులకు ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు పట్టించి అమ్ముతారు. గులాబీయో ఆకుపచ్చో రంగు కనిపిస్తే అదే గుర్తు. “కడిగేస్తే పోదా?” అని మా వదిన అడిగింది. పోదు వదినా, ఇమిడాక్లోప్రిడ్ మొక్క లోపలికే ఎక్కే మందు. రంగు లేకపోయినా ప్యాకెట్ మీద మందు పేరుందేమో చదవండి.

మైక్రోగ్రీన్స్ (ఇలా లేతగా కోసుకు తినే మొలకలు) కోసమని ఆన్‌లైన్‌లో అమ్మే మందు పట్టించని నల్ల గింజలు నమ్మకంగానే మొలుస్తున్నాయి, ధరే కాస్త కుడుతుంది. అందుకే ఇప్పుడు సిద్దిపేట వైపు యాసంగిలో పొద్దుతిరుగుడు వేసే తెలిసిన రైతు దగ్గర పంట గింజే తెచ్చుకుంటున్నాను. హైబ్రిడ్ పంట గింజను మళ్లీ పొలంలో విత్తితే దిగుబడి సమంగా రాదు, కానీ పది రోజుల్లో కోసుకు తినేవాళ్లకు ఆ బెంగ లేదు. ఒక్కటే చిక్కు: కొత్తగా కోసిన గింజ కొన్నాళ్లు నిద్రావస్థలో ఉంటుంది, సరిగా మొలవదు. ఒకటి రెండు నెలలు ఆరిన చోట ఉంచి వాడితే మంచిది.

గింజలు నీళ్లలో తేలతాయి, తాలు అనుకుని పారేయొద్దు. పైన పళ్లెం బోర్లించి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెట్టాలి. వడకట్టి, తెల్ల మొన కనిపించేదాకా తడిగుడ్డలో ఉంచి, తడి కోకోపీట్ మీద ఒకే పొరగా ఒత్తుగా పరచాలి. పైన ఇంకో ట్రే, దాని మీద ఇటుక. రెండు మూడు రోజులు ఆ బరువును నెట్టుకుని లేస్తేనే వేరు గట్టిగా దిగుతుంది, పొట్టు కూడా చాలావరకు ఊడుతుంది. మిగిలిన పొట్టు మీద సాయంత్రం నీళ్లు చల్లి, మెత్తబడ్డాక అరచేత్తో అలా రాస్తే రాలిపోతుంది.

వేళ్ల చుట్టూ తెల్లటి నూగు కనిపిస్తే కంగారు పడకండి. నీళ్లు చల్లగానే అణిగిపోతే అది వేరు కేశమే, అంటే వేరుకుండే సన్నటి నూగే. సాలెగూడులా గింజ నుంచి గింజకు అల్లుకుని ముక్క వాసన వస్తే బూజు. ఆ ట్రే ఇక తినడానికి పనికిరాదు. తర్వాతి ట్రేకు నీళ్లు అడుగు నుంచి పోయండి, గాలి ఆడనివ్వండి.

రెండు పప్పాకులు (గింజలోంచి మొదట వచ్చే ఆకులు) విచ్చుకుని, మధ్యలో అసలు ఆకు మొన తొంగిచూసేలోపే కోసేయాలి. ఆ ఆకు పెరిగితే గరుకుదనం, చేదు వస్తాయి. ఒకసారి కోశాక మళ్లీ చిగురించదు. సమయానికి కోస్తే కరకరలాడుతూ పచ్చి వేరుశనగ రుచి. పెరుగుపచ్చడిలోకి, పెసరట్టు మీదకు బ్రహ్మాండం. గర్భిణులకు, పెద్దవాళ్లకు, చిన్నపిల్లలకు పచ్చివి పెట్టను. తేమలో మొలిచే గింజతో సాల్మొనెల్లా వంటి క్రిముల భయం ఉంటుంది కాబట్టి వాళ్లకు బాగా ఉడికించి పప్పులోనే వేస్తాను.

నడి వేసవిలో మాత్రం పెంచడం మానేస్తాను. ఎండ నలభై దాటితే మా బాల్కనీలో మొలక కన్నా కుళ్లే ముందొస్తుంది.