అమ్మాన్‌లో సర్కాసియన్ నడక టూర్: వెళ్ళొచ్చు, కానీ మతం సంగతి దాటేశారు

పని మీద జోర్డాన్ రాజధాని అమ్మాన్ వెళ్ళినప్పుడు ఒక రోజు ఖాళీ దొరికితే, కాకసస్ కొండల నుంచి వచ్చిన సర్కాసియన్ల చరిత్ర చెప్తామన్న సగం రోజు టూర్ బుక్ చేసుకున్నాను. డబ్బు వృథా కాలేదు.

మొదలుపెట్టేది రోమన్ థియేటర్ దగ్గర. 1864లో రష్యా వాళ్ళ కొండల్ని పూర్తిగా ఆక్రమించాక లక్షల మంది నల్ల సముద్రం దాటి ఉస్మానీ (ఒట్టోమన్ టర్కీ) రాజ్యంలో వచ్చిపడ్డారు, అలా చెల్లాచెదురైన వాళ్ళలో షాప్సుగ్ తెగవాళ్ళు కొందరు 1878లో అమ్మాన్ చేరి ఈ శిథిలాల్లోనే తలదాచుకున్నారు. రాతి కమాను కింద తడి వాసన, పైన పావురాలు. ఇక్కడే పిల్లల్ని పడుకోబెట్టుకున్నారా అనుకుంటే నాకు కాసేపు మాట రాలేదు.

గైడ్‌లో నాకు నచ్చింది, డాన్సులూ బాకులూ చెప్పి ఊరుకోకపోవడం. నాణేలు పెద్దగా చెలామణిలో లేని ఆ కొండల్లో పశువులూ బట్టలూ ఇచ్చిపుచ్చుకునేవాళ్ళని, ఉప్పు బయటి నుంచే రావాలని, అమ్మాయిల్ని ఇస్తాంబుల్ బజార్లకి అమ్మేవాళ్ళని కూడా దాచకుండా చెప్పాడు. 1796 బ్జియుక్ యుద్ధం గురించి అరగంట చెప్పాడు, అదే టూర్‌కి ప్రాణం. షాప్సుగ్ రైతులు తమ దొరల్ని తరిమేస్తే, ఆ దొరలు రష్యా మహారాణి కేథరిన్ దగ్గర కొసాక్కులనే రష్యా గుర్రపు సైనికులనీ ఫిరంగులనీ తెచ్చుకుని యుద్ధం గెలిచారు, అయినా షాప్సుగ్ నేల మీద వాళ్ళ పెత్తనం మళ్ళీ నిలబడలేదు.

నా కంప్లైంట్ ఒక్కటే. "మేం ముస్లింలం" అని మతాన్ని రెండు నిమిషాల్లో ముగించాడు. పవిత్ర వనాల్లో మొక్కులు, కమ్మరుల దేవుడు త్లెప్ష్, బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) నుంచి వచ్చిన క్రైస్తవం, వీటి ప్రస్తావనే లేదు. 1848లో, రష్యాతో పోరాడుతున్న కాకసస్ నాయకుడు ఇమామ్ షామిల్ పంపిన మొహమ్మద్ అమీన్, అబ్జాఖ్ అనే మరో సర్కాసియన్ తెగలో షరియా కోర్టులు పెట్టింది దొరల హక్కులకి అడ్డుకట్ట వేయడానికి కూడా కదా, అది చెప్పకపోతే బ్జియుక్ కథ సగంలో తెగిపోతుంది. అడిగితే టైం లేదన్నాడు, నాకు నిజంగా బాధేసింది.

చివర్లో భోజనం. షిప్సి అనే చిక్కటి కోడి గ్రేవీ, పక్కన పస్తా. ఇటలీ పాస్తా కాదు, గట్టిగా ఉడికించి ముక్కలుగా కోసిన ముద్ద. అసలు వరిగల లాంటి చిరుధాన్యంతో చేసేవాళ్ళట, మాకు గోధుమ రవ్వతో పెట్టారు. రాగి సంగటి, నాటుకోడి పులుసు తిని పెరిగిన చేతికి నేర్పాల్సిన పని లేదు, తుంచి ముంచుకోవడమే. రెండోసారి కూడా వడ్డించారు.

థియేటర్ మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే కిందే కూర్చోబెట్టండి.