మింగడం కష్టమైతే ఏది మేలు: మెదడు ఆపరేషనా, థెరపీయా?

పార్కిన్సన్స్ ఉన్న పెద్దమనిషికి వణుకుతో పాటు ముద్ద దిగడం కూడా కష్టమైతే నల్లగొండలో ఇంటివాళ్లు అడిగే మాట ఒకటే: "నిమ్స్‌కు తీసుకపోయి డీబీఎస్ చేయిస్తే ఇదంతా తగ్గుతదా?" డీబీఎస్ అంటే డీప్ బ్రెయిన్ స్టిములేషన్ అనే మెదడు ఆపరేషన్. దాంతో వణుకు తగ్గుతుందని ఆశ పెట్టుకోవచ్చు. మింగడం కోసమే అయితే మాత్రం ముందు స్పీచ్ థెరపిస్టు దగ్గర థెరపీకే వెళ్లమంటాను.

డీబీఎస్‌లో మెదడు లోపలికి సన్నని తీగలు దించి, ఛాతీ చర్మం కింద పెట్టిన పరికరం నుంచి కరెంటు పంపుతారు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబిడ్ బృందం వణుకు తగ్గించడానికి దీన్ని మొదలుపెట్టింది. కండరాల బిగుతుకు, మాత్ర ప్రభావం మధ్యలోనే దిగిపోయే ఇబ్బందికి కూడా ఇది బాగా పనిచేస్తుంది. అయితే వణుకును పక్కన పెడితే, ఈ జబ్బుకు ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపాకు లొంగని లక్షణం సాధారణంగా డీబీఎస్‌కూ లొంగదు. మింగడం చాలామందిలో ఆ కోవకే చెందుతుంది. కొందరిలో మాట, మింగడం ఇంకా దిగజారవచ్చు కూడా.

తీగ పెట్టే చోట్లు ముఖ్యంగా రెండు. సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌లో పెడితే మాత్రలు బాగా తగ్గించుకోవచ్చు. గ్లోబస్ పాలిడస్‌లో పెడితే అంతగా తగ్గవు గానీ, మింగడానికి అదే కాస్త నయమని కొన్ని చిన్న అధ్యయనాలు సూచించాయి. అది తేలిన విషయం కాదు. ఆపరేషన్ అయ్యాక పొలమారడం ఎక్కువైతే నిరాశపడకుండా సెట్టింగ్ మార్చి చూడమని అడగండి. 2015లో అచ్చయిన ఒక చిన్న అధ్యయనంలో కరెంటు పంపే వేగాన్ని 130 హెర్ట్జ్ (సెకనుకు 130 సార్లు) నుంచి 60కి దించితే, నడకలో కాళ్లు అతుక్కుపోయే సమస్య ఉన్నవాళ్లకు పొలమారడం తగ్గింది.

థెరపీకి కోత లేదు, ఖర్చూ తక్కువే. స్పీచ్ థెరపిస్టు గొంతులో ఏం జరుగుతుందో పరీక్షతో చూసి, ఊపిరి గట్టిగా వదిలే కండరాలకు కసరత్తు నేర్పుతారు. ఇంట్లో మార్చాల్సినవీ ఉంటాయి. మన దగ్గర చెంబు ఎత్తి, తల వెనక్కి వాల్చి గటగటా నీళ్లు పోసుకుంటారు కదా, ఈ జబ్బులో అది ప్రమాదం. గ్లాసుకు పెదవి ఆనించి, చిన్న గుక్కగా తాగాలి. గడ్డం కిందికి వంచితే కొందరికి మేలు, అందరికీ కాదు. అది థెరపిస్టే చెప్పాలి. పచ్చిపులుసు అన్నంలో పులుసు ముందే గొంతులోకి జారిపోతుంది, మెతుకులు నోట్లోనే ఉంటాయి. పొలమారేది అక్కడే. పొడి జొన్న రొట్టె కంటే పప్పులో బాగా నానిన ముక్క నయం. మాత్ర బాగా పనిచేస్తున్న వేళే భోజనం పెట్టండి.

దగ్గు రావట్లేదు కదా అని ధీమా పడొద్దు. దగ్గు లేకుండానే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, దాంతో వచ్చే న్యుమోనియా ఈ రోగులను బలితీసుకునే ముఖ్య కారణాల్లో ఒకటి. తిన్నాక గొంతు గరగరమన్నా, మాటిమాటికీ జ్వరం వస్తున్నా వెంటనే చూపించండి.

వణుకు, బిగుతు భరించలేనంతగా ఉంటే డీబీఎస్ వద్దనను. కానీ ఆపరేషన్‌కు తారీఖు తీసుకునే ముందే మింగుడు పరీక్ష చేయించి ఆ రిపోర్టు ఫైల్లో పెట్టించండి. తర్వాత తేడా వస్తే డాక్టరు పోల్చి చూడాల్సింది దాన్నే.